హనుమప్ప లారీ కరెంటు జబ్బు వల్ల పేటకు కలిగిన మేళ్లు

తాళం చెవి తిప్పగానే బండి స్టార్టయ్యేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది!

నవ్వకండి, నిజంగానే అంటున్నాను. అలాంటివాడి బతుకులో ఏముంది చెప్పండి? పొద్దున లేచాడు, తాళం తిప్పాడు, వెళ్లిపోయాడు. ఇరుగుపొరుగుతో మాట లేదు, దేవుడితో పని లేదు, ఒంటికి చెమట లేదు. పక్కింట్లో ఎవరున్నారో కూడా తెలియకుండానే రిటైరైపోతాడు.

అదే, ఒక మనిషికి ఇరవై రెండేళ్ల డీజిల్ లారీ ఉండి, దానికి కరెంటు జబ్బు పట్టిందనుకోండి. ఇక ఆ మనిషికి ఒంటరితనమన్నది ఉండదు. అడగకుండానే సలహా ఇచ్చేవాళ్లు నలభైమంది దొరుకుతారు. ఇంత మంది ఆప్తులు ఏ మంత్రిగారికున్నారు?

ఇది నేను పుస్తకాల్లో చదివి చెబుతున్న సంగతి కాదు. చిక్కడపల్లిలో, లైబ్రరీ వెనక సందులో, మా ఇంటి ప్రహరీని ఆనుకునే హనుమప్ప లారీ ఆగుతుంది. మొన్నామధ్య అది మూడు వారాలు కదలకుండా నిలబడి మా పేటకు చేసిన సేవను ఏ ప్రభుత్వమూ గుర్తించలేదు. ఆ బాధ్యత ఈ కాలమ్ మీద పడింది.

హనుమప్పది పాలమూరు వైపు ఊరు. ముషీరాబాద్ బస్తీలో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్నాడు. పదకొండేళ్లు లేబర్ అడ్డా మీద నిలబడి, పిలిచినవాడి వెంట కూలికి పోయాడు. తరవాత క్లీనరయ్యాడు, డ్రైవరయ్యాడు, చివరికి నలుగురు వాడి వదిలించుకున్న ఆరు టైర్ల లారీకి ఐదో యజమాని అయ్యాడు. మా చుట్టుపక్కల పాత ఇళ్లు కూల్చి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు కదా, ఆ కూల్చిన మట్టీ ఇటుకముక్కలూ ఎత్తిపోసేది ఇతనే. మలబా అంటారు దాన్ని. నారాయణగూడలో ఎన్ని వరండాలు, ఎన్ని మెట్లు ఆ లారీ ఎక్కి వెళ్లిపోయాయో లెక్క లేదు.

అతని భార్య ఆశమ్మ బిల్డింగులకు రంగులేసే పనికి పోతుంది. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

అంత పాత లారీ ఏడాదికోసారి ఫిట్‌నెస్ పరీక్షకు నిలబడాలి. పాసైతే మరో ఏడాది రోడ్డెక్కుతుంది. తప్పితే తుక్కు కొట్టుకే. లారీ తుక్కయితే హనుమప్ప మళ్లీ అడ్డా మీద నిలబడాలి. అతనికి యాభై రెండు దాటాయి. తల పూర్తిగా నెరిసింది. అడ్డా మీద నెరిసిన తల కనబడితే మేస్త్రి చూపు పక్క మనిషి మీదికి జారిపోతుంది. ఈ సంగతి పదకొండేళ్లు అక్కడ నిలబడ్డ హనుమప్పకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పరీక్షకు వెళ్లే లారీకి రంగు వేయించడం ఆనవాయితీ. అధికారి ముందు చూసేది రంగే కదా! ఇంట్లోనే పెయింటర్ ఉండగా బయటివాళ్లెందుకని ఆశమ్మ రెండు రోజులు పని మానుకుని, మా గోడ పక్కన కూర్చుని, బాడీకి పసుపు పచ్చ, కింద చట్రానికి నలుపు వేసింది. బంపరు మీద పువ్వులు కూడా గీసింది. సందులో వచ్చేపోయేవాళ్లు ఆగి చూశారు.

మర్నాడు పొద్దున హనుమప్ప లారీ ఎక్కి స్టార్టర్ నొక్కాడు. టక్ అంది. మళ్లీ నొక్కాడు. మళ్లీ టక్.

లైట్లు వేస్తే మిణుకుమిణుకుమన్నాయి. హారన్ కొడితే గేదె దగ్గినట్టు దగ్గి, దాంతోపాటు అద్దం మీద వైపర్ ఒక్కసారి ఉలిక్కిపడింది. బ్రేక్ తొక్కితే కుడి ఇండికేటర్, ఎడమ ఇండికేటర్ వేస్తే రెండు పక్కలా! ఫిట్‌నెస్‌కు అప్పటికి మూడు వారాలే ఉంది.

ఇక్కడి నుంచి మేళ్లు మొదలు.

మొదటిది, ఉపాధి. పీరయ్య అని లారీలకు వైరింగ్ చేసే మేస్త్రి. ముషీరాబాద్ నుంచి వచ్చాడు. డాష్‌బోర్డు కింద తల పెట్టి పావుగంట పాటు బయటికి రాలేదు. పాపం, ఆయన్ను మాత్రం ఏమనగలం? ఆ లోపలున్నది వైరింగ్ కాదు, నలుగురు యజమానుల చరిత్ర! ప్రతి మేస్త్రీ తన కాలంలో ఒక కొత్త వైరు లాగాడు కానీ, పాతది తీసిన పాపాన ఎవరూ పోలేదు. ఫ్యూజు ఉండాల్సిన చోట సిగరెట్ పెట్టెలోని వెండికాగితం. స్టార్టర్ బటన్ చెడిపోతే ఎవరో మహానుభావుడు ఇంటి కాలింగ్ బెల్ స్విచ్ బిగించాడు. దాని మీద గంట బొమ్మ కూడా ఉంది.

"గీ ఎర్ర వైరు ఏడికి పోతుందన్నా?" అని హనుమప్ప అడిగాడు.

"తెల్వదు. ముట్టొద్దు," అన్నాడు పీరయ్య భక్తిగా. "ఎవరేసిండ్రో ఏమో. కొత్తది గుంజుత."

"పెయింట్ ఏసినంకనే షురువైందన్నా గీ పరేషానీ," అన్నాడు హనుమప్ప.

"పెయింట్‌కు, కరెంట్‌కు ఏం సంబంధం? నువ్వు జర టార్చి పట్టు!"

హనుమప్ప టార్చి పట్టాడు. పీరయ్య కొత్త వైరు లాగాడు. ఆ తరవాత హారన్ కొడితే క్యాబిన్‌లో లైటు వెలగడం మొదలైంది. దీన్ని అభివృద్ధి అనక ఏమంటారు?

రెండో మేలు, విజ్ఞానం. మా ఎదురింటి బుచ్చిబాబుగారు కోస్తా నుంచి ఉద్యోగరీత్యా వచ్చి ఇక్కడే స్థిరపడినవారు. కరెంటు శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. రిటైరయిన దగ్గర నుంచీ ఆయన జ్ఞానం వాడకం లేక లోపల పేరుకుపోయి, ఇంట్లోవాళ్లకు ప్రమాదంగా తయారైంది. లారీ పుణ్యమా అని దానికో దారి దొరికింది. భార్య సుబ్బలక్ష్మిగారు నాతో స్వయంగా అన్నారు, "ఈ మూడు వారాలూ మా ఇంట్లో ప్రశాంతంగా ఉందండీ" అని.

బుచ్చిబాబుగారు కుర్చీ తెప్పించుకుని లారీ ముందు కూర్చున్నారు. ఓ పెళ్లిపత్రిక వెనక లారీ సర్క్యూట్ మొత్తం గీశారు.

"చూడవయ్యా హనుమప్పా, నేను ముప్పై మూడేళ్లు సబ్‌స్టేషన్లు చూసిన మనిషిని. లారీ ఎంత, చిన్న సబ్‌స్టేషను! బ్యాటరీలో కరెంటు పుడుతుంది. వైరు గుండా బల్బుకు వెళుతుంది. మరి తిరిగి ఎలా వస్తుంది? వేరే వైరుండదు. లారీ ఇనుమే దానికి దారి. ఇదిగో, బ్యాటరీ దగ్గర నుంచి ఈ పట్టీ వచ్చి చట్రానికి బోల్టుతో బిగించి ఉంది చూశావా, దీన్నే ఎర్త్ అంటారు. కరెంటు ఇంటికొచ్చే గుమ్మం ఇదే."

"అయితే సార్, పెయింట్ ఏసినంకనే..."

"ఉండవయ్యా, చెప్పనీ! ఈ ఎర్త్ ఉందే, దీనికి ఎప్పుడూ ఏమీ కాదు. చూడు, ఎంత నీటుగా మెరుస్తోందో! లారీ మొత్తంలో సవ్యంగా ఉన్నది ఇదొక్కటే. నా అనుమానం డైనమో మీద."

డైనమో విప్పారు. మళ్లీ చుట్టించారు. మళ్లీ బిగించారు. టక్.

మూడో మేలు, మానవ వనరుల వినియోగం. అశోక్ నగర్‌లో కోచింగ్ తీసుకునే వాళ్ల గురించి మీకు తెలియంది ఏముంది? తెల్లారింది మొదలు లైబ్రరీలో కూర్చుని, నోటిఫికేషన్ కోసం చకోరాల్లా ఎదురుచూస్తుంటారు. వాళ్లకు కదలిక లేదు, ఎండ తగలదు. లారీని నెట్టి స్టార్ట్ చేద్దామని హనుమప్ప అడగ్గానే పాతికమంది లేచి వచ్చారు. ఎస్సై పరీక్షకు పరుగు, లాంగ్‌జంప్ ఉంటాయి కదా, వాళ్లకు ఇది ఉచిత కోచింగ్! లారీని టీ కొట్టు దాకా నెట్టారు. అక్కడ టీ తాగారు. మళ్లీ మా గోడ దాకా వెనక్కి నెట్టారు. ఆ కాసేపట్లో కరెంట్ అఫైర్స్ ఒక నెలవి రివిజన్ అయిపోయాయి. ఆ ఇరుకు సందులో వేగం అందక లారీ మాత్రం స్టార్టవలేదు.

వాళ్లలో శశాంక్ అని బీటెక్ చదివినవాడున్నాడు. అదీ ఎలక్ట్రికల్! ఆరేళ్లుగా గ్రూప్స్‌కు ప్రిపేరవుతున్నాడు. లారీ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, గడ్డం నిమురుకున్నాడు.

"ఆప్షన్స్ రాసుకుందాం అన్నా," అన్నాడు. "ఏ, బ్యాటరీ. బీ, డైనమో. సీ, ఏ మరియు బీ రెండూ. డీ, పైవేవీ కావు. ఒక్కొక్కటి ఎలిమినేట్ చేసుకుంట పోదాం."

"తమ్మీ, పెయింట్ ఏసినంకనే..."

"గది ఆప్షన్లలో లేదన్నా."

బ్యాటరీ మార్చి చూశారు. టక్. ఏ పోయింది. బీ అంతకుముందే పోయింది. కాబట్టి సీ కూడా పోయింది. మిగిలింది డీ. పైవేవీ కావు అని తేలినందుకు శశాంక్ చాలా సంతోషించాడు. తరవాత సిలబస్ మిగిలిపోయిందంటూ లైబ్రరీలోకి వెళ్లిపోయాడు. జవాబు రైటే కదా, మార్కు రావలసిందే!

ఇక ఓర్పు సంగతి. ఓర్పు నేర్పే ఆశ్రమాలు ఎక్కడెక్కడో కొండల మీద ఉంటాయంటారు. హనుమప్ప మా గోడ పక్కనే నేర్చుకున్నాడు. పొద్దున్నే రావడం, గంట బొమ్మ ఉన్న స్విచ్ నొక్కడం, టక్ అని వినడం, దిగడం, బంపర్‌కు కొత్త నిమ్మకాయలు కట్టడం, ఎవరో ఒకరికి టార్చి పట్టడం. ఎవరేం చెబితే దానికి తలూపడం. మొదట్లో వచ్చినవాళ్లందరికీ ఆ పెయింట్ మాట చెప్పేవాడు. రెండో వారంలో సగం మాట దగ్గరే ఆపేసేవాడు. మూడో వారానికి చెప్పడం మానేశాడు. తన మాట మీద తనకే నమ్మకం పోయింది. ఇంత మంది చదువుకున్నవాళ్లు కాదంటున్నారంటే మరి కాదేమో.

ఆ వారంలోనే తుక్కు కొనేవాడు రెండుసార్లు వచ్చాడు. లారీ చుట్టూ తిరిగి, రేకును వేలితో కొట్టి చూసి వెళ్లాడు. వాడు కొట్టిన చోట హనుమప్ప గుడ్డతో తుడవడం నేను చూశాను.

ఆదివారం వచ్చింది. తెల్లవారితే ఫిట్‌నెస్. సాయంత్రానికి తుక్కు మనిషి వస్తానని కబురు పెట్టాడు. పీరయ్య తన వంతు వైర్లు లాగేసి మరో లారీకి సేవ చేయడానికి వెళ్లాడు. బుచ్చిబాబుగారు భోజనం చేసి పడుకున్నారు. మధ్యాహ్నం ఎండలో హనుమప్ప ఒక్కడే లారీ నీడన కూర్చుని ఉన్నాడు. ఆశమ్మ సగం పూట పనికి వెళ్లి, చేతులకు సున్నంతోనే, టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చింది. నేను మా వరండాలో ఉన్నాను. చాటుగా విన్నానని అనుకోకండి. గోడ పొట్టిది, అంతే.

"ఇంక కాలేదా?" అంది ఆశమ్మ.

"కాలే. ఇగ కాదు. పొద్దుమీకి ఆయనొస్తడు. ఇచ్చేస్త."

"ఇచ్చేసి?"

"అడ్డా మీద నిలబడ్త."

"గీ తల చూసి నిన్నెవలు పిలుస్తరు?"

ఆమె వెక్కిరించలేదు, భయపడింది. అతనూ కోప్పడలేదు. తల మీద ఒకసారి చెయ్యి వేసుకుని తీసేశాడు. తరవాత, నేలకు చెబుతున్నట్టు నెమ్మదిగా అన్నాడు.

"నువ్వు పెయింటేసిన తెల్లారి సంది గిట్లయింది."

అంతే, ఆశమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏంది? నా పెయింట్‌కు వంక పెడ్తున్నవా? ఇరవై ఏండ్ల సంది ఏస్తున్న, ఒక్క మేస్త్రి పేరు పెట్టలే! అందరు పైపైన కనవడేది ఏసి చేతులు దులుపుకుంటరు. నేను జాగా ఇడిసినదాన్ని కాదు. గా బ్యాటరీ పట్టీ బోల్టు సుత ఇప్పి, దాని కింద తుప్పు గీకి, రెండు కోట్లు ఏసి, ఆరినంక మల్ల బిగించిన. ఎవలు చేస్తరు గట్ల? చెప్పు!"

హనుమప్ప నోట్లోకి వెళ్తున్న ముద్ద అక్కడే ఆగింది.

"పట్టీ కింద సుత ఏసినవా?"

"రెండు కోట్లు!"

బుచ్చిబాబుగారు చెప్పిన పాఠం అతని చెవుల్లో ఇంకా ఉంది. కరెంటు ఇంటికొచ్చే గుమ్మం. ఆ గుమ్మానికి మూడు వారాలుగా రెండు కోట్ల నల్ల పెయింట్ తలుపేసి ఉంది! పెయింట్‌లోంచి కరెంటు ఎలా పోతుంది? అందుకే అది వైపర్లోంచీ ఇండికేటర్లోంచీ దొంగదారులు వెతుక్కుంది.

అతను చెయ్యి కూడా కడుక్కోకుండా లేచి బోల్టు విప్పాడు. పట్టీ పక్కకు లాగాడు. కింద నల్లగా, నున్నగా, ఒక్క గీత కూడా లేని పెయింట్. హనుమప్ప స్క్రూడ్రైవర్ తీసుకోబోతే ఆశమ్మ వద్దంది. తన సంచిలోంచి గోడలకు లప్పం గీకే రేకు తీసి, తనే కూర్చుని గీకింది. ఆ పనిలో ఆమె మొహం చూస్తే నాకే ఏదోలా అయింది. ఇన్నేళ్లలో ఆమె తన చేత్తో వేసినదాన్ని తన చేత్తో పాడు చేయడం అదే మొదటిసారి అనుకుంటాను. తెల్లటి ఇనుము బయటపడేదాకా గీకి, ఊది, లేచి నిలబడింది.

పట్టీ బిగించారు. హనుమప్ప ఎక్కి, గంట బొమ్మ స్విచ్ మీద వేలు పెట్టి, కళ్లు మూసుకుని నొక్కాడు.

లారీ లేచింది! సందు సందంతా నల్లటి పొగ. బుచ్చిబాబుగారు నిద్రలోంచి ఉలిక్కిపడి, పంచె సర్దుకుంటూ గేటు దాకా వచ్చారు. లైబ్రరీ కిటికీల్లో తలలు కనబడ్డాయి. హారన్ కొడితే హారనే మోగింది, వైపర్ కదల్లేదు. ఆశమ్మ ముక్కు తుడుచుకుని, "నేనేమన్న, నా పెయింట్ల వంక లేదు," అంది. ఆ మాటకు అర్థమేమిటో ఆమెకే తెలియాలి. హనుమప్ప అవునన్నాడు.

సోమవారం ఫిట్‌నెస్ పాసయింది. లైట్లు చూశారు, హారన్ విన్నారు, బ్రేకులు తొక్కించారు. చివర్లో అధికారి వంగి చట్రం చూశాడట.

"ఈ బోల్టు దగ్గర పెయింట్ వదిలేశారేంటి? తుప్పు పట్టదా?"

"ఆడ ఎయ్యొద్దు సార్. ఏస్తే బండి నడవది," అన్నాడట హనుమప్ప.

"వేయించు, వేయించు," అని స్టాంపు కొట్టేసి, పక్క బండి దగ్గరికి వెళ్లిపోయాడట.

అందుకే పాఠకులారా, ఇప్పుడైనా ఒప్పుకుంటారా ఈ జబ్బు వరమని? పీరయ్య, "నేను గుంజిన వైర్లతోనే లేచింది" అని పదిమందికి చెప్పుకుంటున్నాడు. బుచ్చిబాబుగారు ఆ పెళ్లిపత్రికకు ఫ్రేమ్ కట్టించారు. డీ రైటని శశాంక్ ఆనందం శశాంక్‌ది. లాభం పొందనివాడు ఎవరున్నారు? ఒక్క చిన్న వాక్యం మొదటి రోజే ఎవరో ఒకరు చివరిదాకా విని ఉంటే, ఇన్ని మేళ్లు పేటకు దక్కేవా? అరగంటలో తేలిపోయేది. ఎంత నష్టం!

ఇక్కడ నా సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఆ మొదటి రోజు, పీరయ్యను పిలవకముందే, హనుమప్ప మా గేటు దగ్గరికి వచ్చాడు. "సార్, నిన్న పెయింటేసినం, పొద్దుగాల చూస్తే..." అని ఏదో మొదలుపెట్టాడు. నేను తల ఎత్తకుండానే చెయ్యి చూపించి ఆపాను. అప్పుడు అర్జెంటుగా ఒక కాలమ్ రాస్తున్నాను. సామాన్యుడి మాట వినే నాథుడే లేడని.

చాలా మెచ్చుకున్నారు దాన్ని. ఉత్తరాలు కూడా వచ్చాయి.

ఇదిగో, ఈ నాలుగు ముక్కలు ముగిస్తుండగా మళ్లీ గేటు చప్పుడైంది. హనుమప్పే.

"సార్, జర ఒక్క మాట..."

"ఆగవయ్యా హనుమప్పా! నీ మీదే రాస్తున్నాను. నీ మాట ఎవరూ వినలేదని. ఇంకో రెండు లైన్లు, అంతే!"

అతను గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయాడు. ఏం చెప్పడానికి వచ్చాడో నేను అడగలేదు. కాలమ్ పంపే టైమైపోయింది మరి.